సింగిల్ ఫేజ్ కరెంటుతో త్రీ ఫేజ్ గడ్డి మిషన్

మా పశువుల పాకలో గడ్డి కోసే మిషన్‌కి ఉన్నది 2 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు, ఇంటి మీటరేమో సింగిల్ ఫేజ్. మొదట్లో కెపాసిటర్లు పెట్టి నడిపాను. తిరిగింది గానీ జొన్న చొప్ప కాస్త ఎక్కువ పెట్టేసరికి మూలుగుతూ ఆగిపోయేది, పది నిమిషాలకే చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది, చివరికి వైండింగ్ కాలిపోయింది. అందుకే చెబుతున్నా, డబ్బు పెట్టి వీఎఫ్‌డీ డ్రైవ్ (సింగిల్ ఫేజ్ తీసుకుని మోటారుకి త్రీ ఫేజ్ తయారుచేసి ఇచ్చే పెట్టె) కొనండి. సింగిల్ ఫేజ్ 230 వోల్టులు లోపలికి తీసుకుని, త్రీ ఫేజ్ 230 వోల్టులు బయటికి ఇచ్చేది అడగండి.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. డ్రైవ్ 415 ఇవ్వదు, 230 మాత్రమే ఇస్తుంది. మన చిన్న మోటార్లు సాధారణంగా 415కి స్టార్‌లో (లోపలి మూడు చుట్లని కలిపే ఒక పద్ధతి) కలిపి వస్తాయి. అలాగే వదిలేస్తే మోటారు బలం మూడో వంతుకు పడిపోతుంది, మనం డ్రైవ్‌ని తిట్టుకుంటాం. మోటారు మీద వైర్లు కలిపే టెర్మినల్ బాక్స్ మూత తీసి చూడండి. ఆరు బోల్టులుండి, ఒక వరుసలో మూడింటినీ ఇత్తడి పట్టీలు కలిపితే అది స్టార్. ఆ పట్టీలు తీసి పై బోల్టుకి కింద బోల్టు వచ్చేలా మూడు నిలువు పట్టీలు బిగిస్తే డెల్టా, 230కి కావాల్సింది ఇదే. మూడు వైర్లే బయటికొచ్చి ఉంటే మిగతా మూడు కొసలు వైండింగ్ షాపులో బయటికి తీయించాలి. మోటారు ప్లేటు మీద 415 డెల్టా అని ఉన్న పెద్ద మోటార్లకి ఈ పద్ధతి పనికిరాదు.

డ్రైవ్ సెట్టింగుల్లో మోటారు ఆంపియర్లు తప్పకుండా మార్చాలి. ప్లేటు మీద 415 దగ్గర 3.4 ఉంటే దాన్ని 1.73తో గుణించి 5.9 పెట్టండి. స్పీడ్ అందుకునే టైమ్ 8 సెకన్లు ఇస్తే మొదలయ్యేటప్పుడు ఇంట్లో లైట్లు డిమ్ అవ్వవు. లోడ్ మీద మీటరు వైపు 12 నుంచి 15 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి 4 ఎస్‌క్యూ ఎంఎం రాగి వైరు, విడిగా ఎంసీబీ (లోడ్ మించితే దానంతటదే పడిపోయే స్విచ్), గట్టి ఎర్త్ ఉండాలి. మీటరుకి మంజూరైన లోడ్ (శాంక్షన్డ్ లోడ్) చాలకపోతే ముందే కరెంటాఫీసులో పెంచించుకోండి.

డ్రైవ్‌కీ మోటారుకీ మధ్య స్టార్టర్, స్విచ్, కెపాసిటర్ ఏవీ పెట్టకండి, డ్రైవ్ పోతుంది. ఆన్, ఆఫ్ డ్రైవ్ బటన్‌తోనే. మెయిన్ ఆపాక కూడా లోపల కరెంటు నిలిచి ఉంటుంది, వైర్లు ముట్టుకునే ముందు పది నిమిషాలు ఆగండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

బెల్టు తగిలించకుండా ఒకసారి తిప్పి చూడండి. ఎదురు తిరిగితే, మెయిన్ ఆపి, ఆ పది నిమిషాలూ ఆగి, మోటారుకెళ్లే మూడు వైర్లలో ఏవైనా రెండు మార్చి బిగించండి. ఆ తర్వాతే బెల్టు, ఆ తర్వాతే చొప్ప.