చెరువు నీళ్లలో విషపు పాచి: కుక్కను ఎలా కాపాడుకోవాలి?

ఎండలు ముదిరి, నీళ్లు తగ్గి కదలకుండా నిలిచిన చెరువులో మురుగు, పొలాల ఎరువు కలిస్తే సయనోబ్యాక్టీరియా అనే పాచి ఒక్కసారిగా పెరుగుతుంది. హుస్సేన్ సాగర్ నీళ్లు పచ్చబడటంలో దీనికీ వాటా ఉంది. కుక్క ఆ నీళ్లు తాగకపోయినా, ఈదొచ్చి ఒళ్లు నాక్కుంటే చాలు, విషం కడుపులోకి పోతుంది.

1. గట్టు మీదే ఆగి చూడండి. పచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కడితే గొలుసు వదలొద్దు. గాలి తోసిన వైపే తెట్టు పేరుకుంటుంది కాబట్టి, అవతలి ఒడ్డున నీళ్లు తేటగా ఉన్నాయని నమ్మకండి. ఒడ్డున ఎండి అట్టలు కట్టిన పాచీ ప్రమాదమే. కుక్కలు దాని వాసనకు ఆశపడి కొరుకుతాయి.

2. అనుమానంగా ఉంటే పుల్లతో లేపండి. జుట్టులా పోగులు వేలాడితే మామూలు నాచు అయ్యే అవకాశం ఎక్కువ. పుల్లకు రంగులా అంటుకుంటే అనుమానించాల్సిందే. ఇంకో పద్ధతి: గ్లౌజులు వేసుకుని గాజు సీసాలో ముప్పావు వంతు నీళ్లు పట్టి, రాత్రంతా కదపకుండా ఉంచండి. పచ్చదనం పైకి తేలి గీత కడితే సయనోబ్యాక్టీరియా కావచ్చు. విషం ఉందో లేదో మాత్రం ల్యాబే తేల్చాలి. మరగబెట్టినా ఆ విషం పోదు.

3. తాగే నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. దప్పికతో ఉన్న కుక్కను గొలుసుతో ఆపడం కష్టం.

4. దిగనే దిగిందా? ముందు నాకనివ్వకండి. గ్లౌజులతో, కుళాయి నీళ్లతో, కాలివేళ్ల సందులూ చెవుల మడతలూ వదలకుండా కడగండి.

5. వాంతులు, చొంగ, తూలడం, వణుకు, ఫిట్స్, చిగుళ్లు పాలిపోవడం కనిపిస్తే వెంటనే వెటర్నరీ డాక్టరుకు ఫోన్ చేసి బయల్దేరండి. లక్షణాలు లేకపోయినా నీళ్లు తాగిందని తెలిస్తే ఆగొద్దు. నరాలను దెబ్బతీసే అనటాక్సిన్ నిమిషాల్లోనే ప్రాణం తీయగలదు. కాలేయాన్ని తినేసే మైక్రోసిస్టిన్‌కు గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. ఈ రెంటికీ విరుగుడు మందు లేదు, డాక్టరు చేసేది లక్షణాలకు చికిత్సే.

ఉప్పునీళ్లు పోసి కక్కించడం మన ఇళ్లలో అలవాటు. అది అసలు చేయొద్దు: వణుకుతున్న కుక్కకు ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఉప్పూ విషమే అవుతుంది. దానికి బదులు తెట్టు ఫొటో, మూత గట్టిగా బిగించిన నీళ్ల సీసా డాక్టరు దగ్గరకు పట్టుకెళ్లండి.