ఢిల్లీ యూనివర్సిటీ ఆనర్స్ డిగ్రీ: దరఖాస్తు ఎలా చేయాలి, సీటు ఎక్కడ జారిపోతుంది

బోనాల సెలవుకు ముందు రోజు సాయంత్రం మా పక్క వీధి అబ్బాయి ఫోను పట్టుకుని వచ్చాడు. ఇంటర్‌లో ఎంఈసీ, మంచి మార్కులు. ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఎకనామిక్స్ ఆనర్స్ సీటు ఓబీసీ కోటాలో వచ్చింది. ఇంట్లో వాళ్లు స్వీట్లు కూడా పంచేశారు. తీరా చూస్తే కాలేజీ నుంచి పోర్టల్‌లో ఒక ప్రశ్న పడింది: కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్, అంటే ఓబీసీల్లో సంపన్న శ్రేణికి చెందరని చెప్పే పత్రం, పెట్టమని. గడువు మర్నాటి సాయంత్రం. అబ్బాయి దగ్గర ఉన్నది పదో తరగతిలో తీసుకున్న బీసీ-డి కుల ధ్రువీకరణ పత్రం. మర్నాడు తహసీల్దారు కార్యాలయానికి తాళం. సీటు పోయింది. దరఖాస్తు నింపిపెట్టినందుకు మూడు వేలు తీసుకున్న నెట్ సెంటర్ యజమాని "బీసీ అన్నా ఓబీసీ అన్నా ఒకటే బాబూ" అన్నాడట.

ఒకటి కాదు. ఈ వ్యాసంలో సగం ఆ మాట గురించే.

ఆనర్స్ డిగ్రీ అంటే ఒక సబ్జెక్టును ప్రధానంగా తీసుకుని లోతుగా చదివే డిగ్రీ. మన దగ్గరా ఆనర్స్ కోర్సులు ఉన్నాయి. తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారా చేరవచ్చు. అవి రాష్ట్రాల పద్ధతులు కాబట్టి రాష్ట్రం ఇచ్చిన బీసీ పత్రం అక్కడ చెల్లుతుంది. ఢిల్లీ యూనివర్సిటీ కేంద్ర విశ్వవిద్యాలయం, అక్కడ కేంద్రం నియమాలే నడుస్తాయి. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో ఢిల్లీలో స్థాపించిన శ్రీ వెంకటేశ్వర కాలేజీ కూడా ఈ యూనివర్సిటీ కిందిదే. "మన దేవస్థానం కాలేజీ కదా, మనవాళ్లకు వేరే దారి ఏదైనా ఉంటుందా" అని అడిగే తల్లిదండ్రులు చాలామంది. ఆ సీట్లు కూడా అందరితోపాటు ఒకే పోర్టల్‌లో భర్తీ అవుతాయి.

2022 నుంచి ఢిల్లీ యూనివర్సిటీలో డిగ్రీ నాలుగేళ్ల చట్రంలోకి మారింది. చదువును క్రెడిట్లనే పాయింట్లలో కొలుస్తారు: సెమిస్టర్‌కు 22 క్రెడిట్ల చొప్పున ఎనిమిది సెమిస్టర్లకు 176. మూడేళ్లు చదివి 132 క్రెడిట్లతో బయటికి వచ్చినా ఆనర్స్ పట్టా ఇస్తారు. నాలుగో ఏడు ఉండాలా వద్దా అన్నది అప్పుడు తేల్చుకోవచ్చు. చేరేటప్పుడు దానికోసం వేరే దరఖాస్తు ఏమీ లేదు.

మామూలుగా ఇంటర్ మార్కులతో సీటు రాదు. సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. దాన్ని జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ నిర్వహిస్తుంది. 2025 నుంచి గరిష్ఠంగా ఐదు పేపర్లు ఎంచుకోవచ్చు. ఒక్కో పేపరులో 50 ప్రశ్నలు, గంట సమయం, 250 మార్కులు. సరైన జవాబుకు ఐదు, తప్పుకు మైనస్ ఒకటి. దరఖాస్తు నింపడం కష్టమేమీ కాదు. పేపర్ల ఎంపిక దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఎన్‌టీఏ ఏ సబ్జెక్టునైనా రాయనిస్తుంది కానీ, ఢిల్లీ యూనివర్సిటీ మీరు ఇంటర్‌లో చదివినవాటినే లెక్కలోకి తీసుకుంటుంది. ఎకనామిక్స్ ఆనర్స్‌కు గణితం తప్పనిసరి. ఎంఈసీ విద్యార్థికి ఇంగ్లిషు, గణితం, ఎకనామిక్స్, అకౌంటెన్సీ పేపర్లతో పని అయిపోతుంది. ఎంపీసీ చదివినవాళ్లు కూడా ఇంగ్లిషు, గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ రాసి ఎకనామిక్స్ ఆనర్స్ అడగవచ్చని చాలామందికి తెలియదు. సీఈసీ వాళ్లకు గణితం లేదు కనుక ఆ దారి మూసుకుపోతుంది. వాళ్లకు బీకాం ఆనర్స్ తెరిచే ఉంది, అకౌంటెన్సీ మీదుగా. సివిక్స్ చదివినవాళ్లు సీయూఈటీలో పొలిటికల్ సైన్స్ ఎంచుకోవాలి.

భాష పేపరు గురించి ఒక మాట. 13 భాషల జాబితాలో తెలుగు ఉంది, సంస్కృతం లేదు. మార్కులు దండిగా వస్తాయని ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్నవాళ్లే మన దగ్గర ఎక్కువ. వాళ్లు ఇంగ్లిషునే భాషగా పెట్టుకోవడం క్షేమం.

సీయూఈటీ రాస్తే సరిపోదు. యూనివర్సిటీ సొంత పోర్టల్ సీఎస్ఏఎస్‌లో విడిగా నమోదు కావాలి. 2025లో రుసుము 250 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 100. సీయూఈటీలో మంచి స్కోరు తెచ్చుకుని, సీటు దానంతట అదే వస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్న అమ్మాయిని చూశాను. ఆమె సీఎస్ఏఎస్ పేరే వినలేదు.

ఇక సర్టిఫికెట్ సంగతి.

మన రాష్ట్రాల్లో బీసీలను ఏ, బీ, సీ, డీ, ఈ అని విభజించారు. మీసేవలో కులం, స్థానికత, పుట్టిన తేదీ కలిపి ఇచ్చే పత్రంలో ఆ గ్రూపు కనిపిస్తుంది. కేంద్రానికి ఈ గ్రూపులతో పని లేదు. దానికి సొంత ఓబీసీ జాబితా ఉంది, రాష్ట్రాలవారీగా. తెలంగాణకు ఒకటి, ఆంధ్రప్రదేశ్‌కు మరొకటి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ అందులో లేదు. కాబట్టి మొదటి పని మీసేవకు పరుగెత్తడం కాదు. జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ వెబ్‌సైట్లో మీ రాష్ట్రం జాబితా తెరిచి మీ కులం పేరు వెతకండి. దొరికితే ఆ వరుస సంఖ్య రాసి పెట్టుకోండి. దొరకకపోతే ఓబీసీ అని నింపవద్దు. ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటా వర్తిస్తుందేమో చూసుకోండి, లేదంటే జనరల్‌లోనే పోటీ పడండి. ఇది చేదుగా ఉంటుందని తెలుసు. కానీ సీటు వచ్చాక తెలిసే చేదు ఇంతకన్నా ఎక్కువ.

కులం జాబితాలో ఉంటే మీసేవలోనే "ఓబీసీ సర్టిఫికెట్" అని విడిగా ఒక సేవ ఉంటుంది, దానికి దరఖాస్తు చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలోనూ ఇవ్వవచ్చు. పాత కుల పత్రం, ఆధార్, తల్లిదండ్రుల ఆదాయ వివరాలు జతపరచాలి. కింది స్థాయి విచారణ అయ్యాక తహసీల్దారు సంతకం చేస్తారు. ఆ విచారణ ఆంధ్రలో వీఆర్వో దగ్గర మొదలవుతుంది. తెలంగాణలో 2020లో వీఆర్వో వ్యవస్థ రద్దయింది, 2025లో గ్రామ పాలన అధికారులను నియమించారు. కాబట్టి మీ ఫైలు ఆ అధికారి దగ్గరుందో, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అంటే మనం గిర్దావరు అనే ఆయన దగ్గరుందో తహసీల్దారు కార్యాలయంలోనే అడగండి. "ఫైలు నేను నడిపిస్తాను" అని కార్యాలయం బయట కనిపించే మనిషిని కలవనక్కరలేదు.

చేతికి వచ్చిన కాగితం సరైనదో కాదో మీరే పోల్చుకోవచ్చు. కేంద్ర నమూనాలో మీరు క్రీమీలేయర్‌కు చెందరన్న వాక్యం ఉంటుంది. దాంతోపాటు 8-9-1993 నాటి కేంద్ర ప్రభుత్వ ఆఫీస్ మెమోరాండం ప్రస్తావన, 36012/22/93 అనే సంఖ్యతో కనిపిస్తుంది. ఆ సంఖ్య లేకుండా "బీసీ-బీ" అనో "బీసీ-డీ" అనో ముగిసిపోతే అది ఢిల్లీకి పనికివచ్చే కాగితం కాదు.

రెండో చిక్కు తేదీ. కులం మారదు గానీ ఆదాయం మారుతుంది కదా, అందుకే ఈ పత్రాన్ని తాజాగా అడుగుతారు. ప్రవేశాలు జరిగే ఏడాది మార్చి 31 తరువాత జారీ అయినది ఉంటే ఏ పేచీ రాదు. అంటే దీనికి సరైన నెల ఏప్రిల్. ఇంటర్ పరీక్షలు అయిపోయి ఉంటాయి, సీయూఈటీ ఇంకా మొదలై ఉండదు. పిల్లలు ఎటూ పుస్తకాల మీద ఉంటారు కాబట్టి ఆ రోజుల్లో తండ్రో తల్లో ఈ పని చూసుకోవచ్చు. జూన్‌లో వెళ్తే బడుల కోసం, స్కాలర్‌షిప్‌ల కోసం వచ్చినవాళ్లతో అక్కడ నిలబడడానికే చోటుండదు. దరఖాస్తు రసీదుతో రిజిస్ట్రేషన్ గట్టెక్కినా, సీటు వచ్చాక అసలు పత్రం చూపకుండా అడుగు ముందుకు పడదు.

మూడో చిక్కు క్రీమీలేయర్ లెక్క. ఇక్కడ అర్హత ఉన్నవాళ్లే భయపడి వెనక్కి తగ్గుతారు. పరిమితి ఏడాదికి 8 లక్షలు, వరుసగా మూడేళ్లు దాటితేనే క్రీమీలేయర్ కిందికి వస్తారు. వ్యవసాయ ఆదాయాన్ని ఇందులో కలపరు. తల్లిదండ్రులు ప్రభుత్వోద్యోగులైతే జీతం అంకెను కాక ఉద్యోగ హోదాను చూస్తారు. సెకండరీ గ్రేడ్ టీచరు ఒకాయన తన జీతం ఎనిమిది లక్షలు దాటిందని కూతురికి దరఖాస్తే చేయించలేదు. ఆయనకు ఈ తేడా ఎవరూ చెప్పలేదు. విచారణకు వచ్చిన అధికారి జీతం కలిపి లెక్కవేస్తే వాదనకు దిగవద్దు, ఆ 1993 మెమో కాపీని ఫైలుకు జతచేసి తహసీల్దారును కలవండి.

ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటా లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ జీతం, వ్యవసాయం, వ్యాపారం అన్నీ కలిపి కుటుంబ ఆదాయం 8 లక్షల లోపే ఉండాలి. ఐదెకరాల పొలం ఉన్నా, వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు ఉన్నా అర్హత పోతుంది. ఇళ్ల స్థలాలకూ హద్దులున్నాయి: పట్టణాల్లో వంద చదరపు గజాలు, ఇతర చోట్ల రెండు వందలు. కిందటి ఆర్థిక సంవత్సరం ఆదాయం ఆధారంగా ఇస్తారు కనుక ఇదీ ఏప్రిల్ ఒకటి తరువాత తీసుకోవలసినదే. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఏటా కొత్త పత్రం తెచ్చే తిప్పలు లేవు. అయితే పత్రం తండ్రి పేరున కాక విద్యార్థి పేరున ఉండాలి. ఈ చివరి మాట అందరికీ వర్తిస్తుంది.

పేర్ల గొడవ కూడా మనకే ఎక్కువ. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమై కూర్చుంటుంది, మీసేవ ఆపరేటరు దాన్ని పేరు చివరికి తోస్తాడు. ఉత్తరాదిన ఇంటిపేరు ముందు రాసే అలవాటు లేదు కనుక అక్కడ తనిఖీ చేసేవాళ్లకు ఇద్దరు వేర్వేరు మనుషులేమో అనిపిస్తుంది. పదో తరగతి మెమోను కొలతగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిచేయించండి. సీయూఈటీ దరఖాస్తుకు ముందే, ఆధార్‌తో మొదలుపెట్టి.

ఇంత చేశాక మిగిలినవి తేలిక. సీఎస్ఏఎస్ రెండో దశలో కోర్సు, కాలేజీ జంటలను ఇష్టం వచ్చిన వరుసలో పెట్టాలి. వీలైనన్ని పెట్టండి, కానీ చేరే ఉద్దేశం లేనిది పెట్టవద్దు. స్కోర్లు సమానమైతేనే ఇంటర్ మార్కులు చూస్తారు. సీటు కేటాయించాక గడువులోగా "అంగీకరిస్తున్నాను" అని నొక్కాలి. నొక్కకపోతే తరువాతి రౌండ్లలో కూడా మీ పేరు ఉండదు. ఆపైన కాలేజీ పత్రాలు చూసి ఆమోదిస్తుంది, అప్పుడు ఫీజు కట్టాలి. ఆమోదం రాకుండానే సీటు ఖాయమని మురిసిపోవద్దు. ఆ రెండు మూడు రోజులు పోర్టల్‌ను ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తెరిచి చూడండి. కాలేజీ ప్రశ్న వేసేది ఆ వ్యవధిలోనే. ఈమెయిలు, ఫోను నంబరు మీవే ఇవ్వాలి. నెట్ సెంటర్ వాళ్ల నంబరు ఇచ్చి సందేశాలు అందక నష్టపోయినవాళ్లూ ఉన్నారు.

ఫీజు కట్టాక ఉన్న సీటు చాలనుకుంటే ఫ్రీజ్, ఇంకా పై కాలేజీ కావాలనుకుంటే అప్‌గ్రేడ్. అప్‌గ్రేడ్ ఎంచుకుని పై సీటు వస్తే పాతది దానంతట అదే రద్దవుతుంది, వెనక్కి రాదు. ఫీజు కాలేజీని బట్టి మారుతుంది. హాస్టల్ అన్ని కాలేజీల్లో లేదు, ఉన్నచోట గదులు తక్కువ, దరఖాస్తు వేరు. ప్రాధాన్యాలు పెట్టేటప్పుడే ఆ రెండు సంగతులూ ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది.

జులై వచ్చేసరికి ఫోన్లు మొదలవుతాయి. "మేనేజ్‌మెంట్ కోటాలో సీటుంది, అడ్వాన్సు పంపండి" అంటారు. ఢిల్లీ యూనివర్సిటీలో మేనేజ్‌మెంట్ కోటా అనేదే లేదు. ఉన్న అదనపు కోటాలు, అంటే క్రీడలు, సాంస్కృతిక ప్రతిభ, సైనికుల పిల్లలు, అనాథలు వంటివి, అన్నీ అదే పోర్టల్ ద్వారా నిండుతాయి. ఫీజు కట్టేది కూడా పోర్టల్‌లోనే. ఎవరి సొంత ఖాతాకో, ఫోన్ నంబరుకో డబ్బు పంపమంటే ఆ ఫోను పెట్టేయండి. అసలు మెమోలు, టీసీ మీ దగ్గరే ఉంచుకోండి. కాలేజీ స్వయంగా చూపమన్న రోజున రెండేసి జిరాక్సు కాపీలతో మీ చేతులతో మీరే తీసుకెళ్లండి.