పర్లాకిమిడి నుంచి గుణుపురం: ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో రైలుదారి పక్కన సైకిలు ప్రయాణం

విదేశాల్లో మూతపడ్డ రైలుదారుల్లో పట్టాలు తీసేసి సైకిలు బాటలు వేశారు. రైలింజను నిటారు ఎక్కుడు ఎక్కలేదు కాబట్టి ఆ బాటలు చదునుగా ఉంటాయి. మన నౌపడా–గుణుపురం చిన్నరైలు కూడా 2004లో ఆగింది. కానీ అది బాట కాలేదు, బ్రాడ్‌గేజ్ అయింది. పట్టాల వెంబడి నడవడం, సైకిలు తొయ్యడం రైల్వే చట్టం 147వ సెక్షను కింద నేరం. కాబట్టి మనకున్నది వంశధార లోయలో పర్లాకిమిడి నుంచి కాశీనగర్ మీదుగా గుణుపురం పోయే రోడ్డే. రైలు లెక్కన సుమారు 50 కి.మీ.

ముందు కిలోమీటర్లు లెక్కెయ్యకండి, ఆగే చోట్లు లెక్కెయ్యండి. వారం ముందు స్కూటీ మీద ఆ దారంతా ఒకసారి పోయి రండి. నీడ, బోరింగు, వాడుకోదగ్గ మరుగుదొడ్డి, ఆటో దొరికే కూడలి, రైల్వే గేటు, స్టేషను ఎక్కడున్నాయో రాసుకోండి. ట్రెయిలరు, అంటే సైకిలు వెనక తగిలించే పిల్లల బండి, లాగుతూ గంటకు 10 కి.మీ. పోతే బాగా పోయినట్టే. కాబట్టి రెండు ఆగే చోట్ల మధ్య 5 కి.మీ. మించకూడదు. పిల్లలు అరగంట ఓర్చుకుంటారు, గంట ఓర్చుకోరు. మొదటి రోజు కాశీనగర్ దాకా చాలు. రాత్రికి జీపో ఆటోనో మాట్లాడుకుని ఇంటికి వచ్చేసి, మర్నాడు అక్కడి నుంచే మొదలుపెట్టండి. కొత్తచోట నిద్రపట్టక మూర్ఛ వచ్చే పిల్లలకు ఇది సౌకర్యం కాదు, అవసరం.

బండి పిల్లల బరువును బట్టి ఉండాలి. వెనక బిగించే సీట్లు మామూలుగా 22 కిలోల వరకే. పైగా మెడ నిలపలేని పిల్లలకు అవి పనికిరావు. అంతకు మించితే రెండు చక్రాల ట్రెయిలరు కావాలి. కంపెనీ రాసిన బరువులో సామాను కూడా కలిసే ఉంటుంది, అది మరిచిపోయే అందరూ దెబ్బతింటారు. బరువు ఇరుసుకు కొంచెం ముందుకు పడాలి. వెనక్కి పడితే ట్రెయిలరును సైకిలుకు తగిలించే కొక్కెం పైకి లేచి సైకిలు వెనక చక్రం పట్టు తప్పుతుంది, దిగుడులో ట్రెయిలరు తోక ఆడిస్తుంది. వెల్డింగు షాపులో ట్రెయిలరు చేయించినా కొక్కెం మాత్రం కొన్నదే పెట్టండి. దానికి తోడు ఫ్రేముకు నైలాన్ పట్టీ చుట్టండి, కొక్కెం ఊడినా బండి విడిపోదు. నారింజ జెండా 5 అడుగుల కర్రకు కట్టండి. లారీ డ్రైవరుకు ట్రెయిలరు కనబడదు, జెండానే కనబడుతుంది. రైల్వే గేటు దగ్గర పట్టాలను అడ్డంగా, సూటిగా దాటాలి. ఏటవాలుగా పోతే చక్రం సందులో పడుతుంది.

ఇక ఎవరి ఇబ్బంది వారిది. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో కొందరికి మెడలోని పై రెండు ఎముకల మధ్య పట్టు సడలి ఉంటుంది. గతుకుల రోడ్డు ఎక్కే ముందు డాక్టరును అడగడం తప్పనిసరి. సెరిబ్రల్ పాల్సీ ఉండి కాళ్ళకు బ్రేసులు వేసుకునేవారికి ఆగిన ప్రతిచోటా బ్రేసు తీసి చర్మం చూడండి. ఎర్రమచ్చ పావుగంటలో పోకపోతే ఆ రోజుకు ఇంక చాలు. ఆటిజం ఉన్న పిల్లలకు హెల్మెట్ నెలరోజుల ముందే అలవాటు చెయ్యాలి: మొదట చేతిలో, తర్వాత నెత్తిన నిమిషం, ఆపైన టీవీ చూస్తూ పావుగంట. లారీ హారన్ భరించలేకపోతే చెవులకు చప్పుడు తగ్గించే మఫ్‌లు పెట్టండి, తొక్కేవారు మాత్రం పెట్టుకోకూడదు. నీళ్ళు కనిపిస్తే పరుగెత్తే పిల్లలైతే కాలువ గట్టు, చెరువు, ఏరు ఉన్నచోట ఆగే చోటు పెట్టకండి, నీడ ఎంత బాగున్నా సరే.

మూర్ఛ మందుల్లో టోపిరమేట్, జోనిసమైడ్ చెమటను తగ్గిస్తాయి. చెమట లేకపోతే ఒళ్ళు చల్లబడదు. అలాంటి పిల్లలతో నవంబరు–ఫిబ్రవరి మధ్యే బయల్దేరండి, పదిన్నరకల్లా నీడకు చేరండి. మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. చుట్టూ చేరినవాళ్ళు చేతిలో తాళాలు పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తామంటారు. వద్దని చెప్పే మనిషిని ముందే అనుకోండి. నోట్లో నీళ్ళు పొయ్యకూడదు, ఏమీ పెట్టకూడదు. 5 నిమిషాలు దాటితే డాక్టరు రాసిచ్చిన ముక్కులో కొట్టే మిడజోలమ్ వాడి 108కి చెయ్యండి. ఆ స్ప్రే ట్రెయిలరు సంచిలో కాదు, తొక్కేవారి నడుముకే ఉండాలి. ఆంధ్ర–ఒడిశా సరిహద్దులో ఫోను ఏ రాష్ట్రానికి తగులుతుందో నమ్మలేం, అందుకే మొదటి మాటే జిల్లా, ఊరు చెప్పండి.

మెడలో వేసే కార్డు మీద పేరు, ఫోను, మందుల పేర్లు తెలుగులోనే కాదు, ఒడియాలో కూడా రాయించండి. ఆంధ్ర అంచున ఉన్న పాతపట్నం దాటితే తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నా, తప్పిపోయిన పిల్లవాణ్ణి పట్టుకున్న కానిస్టేబులు చదివేది ఒడియానే.

తిండికి కొత్తవి వద్దు. మింగడం కష్టమైతే మరమరాలు గొంతుకు అడ్డం పడతాయి, చోడి (రాగి) అంబలి చిక్కగా ఫ్లాస్కులో పొయ్యండి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్ళకు పూర్తిగా కలపాలి. గ్లాసుకు చిటికెడు వేస్తే లెక్క తప్పుతుంది. డైపర్లు మామూలుగా రోజుకు పట్టేవాటికి రెండు ఎక్కువ, ఒక పాత చీర, ఆరు పిన్నీసులు తీసుకెళ్ళండి. చెట్టుకీ సైకిలుకీ చీర కడితే డైపరు మార్చడానికి అదే గది. డిసెంబరులో ఊళ్ళ దగ్గర రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు. లారీ కోసం పక్కకు తప్పుకోవడానికి చోటుండదు, దిగి నడిపించండి. ఉదయం పొగమంచు విడిచేదాకా కదలకండి.

పెద్దలు ఇద్దరుండాలి, ఇద్దరూ సైకిళ్ళ మీద. ఒకరు లాగుతారు, ఒకరు వెనక ఉంటారు. ట్రెయిలరును కుక్కలు వెంబడిస్తాయి, వెనకవాళ్ళే వాటికి అడ్డం. మూడో మనిషి ఇంటి దగ్గర ఫోను పట్టుకుని, సామాను మోసే డాలా ఆటోవాలా నంబరుతో సిద్ధంగా ఉండాలి. ఈ లైనులో రైళ్ళు తక్కువ, వేళలు రైల్వేవారి ఎన్‌టీఈఎస్ యాప్‌లో ముందురోజు చూసుకోండి. పిల్ల అలిసిపోతే ఒకరు ఆమెను రైల్లోనో ఆటోలోనో ఇంటికి చేరుస్తారు, సైకిళ్ళు, ట్రెయిలరు డాలాలో వస్తాయి. ఈ ఏర్పాటు బయల్దేరే ముందు ఒకసారి చేసి చూడండి. ట్రెయిలరు మడత విప్పడం, సైకిలు ఎక్కించడం ఎండలో ఏడుస్తున్న పిల్లతో మొదటిసారి నేర్చుకునే పనులు కావు.