మెగాస్క్వర్ట్ ఈసీయూ మొరాయిస్తే ఎక్కడ వెతకాలి?

మెగాస్క్వర్ట్ అంటే మనమే బిగించి ట్యూన్ చేసుకునే ఈసీయూ, అంటే ఇంజిన్‌కు పెట్రోల్, స్పార్క్ అందించే కంప్యూటర్. ఇంజిన్ సరిగా నడవకపోతే చాలామంది ముందుగా ల్యాప్‌టాప్ తెరిచి ఫ్యూయల్ టేబుల్‌లో (ఎప్పుడెంత పెట్రోల్ పోయాలో చెప్పే పట్టికలో) అంకెలు మారుస్తారు. దయచేసి ఆ పని చేయకండి. సెన్సర్ తప్పు చెబుతుంటే టేబుల్ ఆ తప్పుకు తగ్గట్టే తయారవుతుంది. రేపు సెన్సర్ బాగుచేయగానే పని మళ్లీ మొదటికొస్తుంది.

ముందు కీ మాత్రం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, ట్యూనర్‌స్టూడియోలో (ల్యాప్‌టాప్‌లో ఈసీయూను చూసి మార్చే సాఫ్ట్‌వేర్‌లో) రీడింగులు చూడండి. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో కూలెంట్, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రతలు దాదాపు ఒకటే ఉండాలి. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో పీడనం కొలిచే మ్యాప్ సెన్సర్ ఆ ఊరి గాలి పీడనాన్ని చూపాలి. విశాఖలో అది సుమారు 100 కిలోపాస్కల్, హైదరాబాద్‌లో 95. ఆ 95 చూసి సెన్సర్ పోయిందనుకోవద్దు, ఊరి ఎత్తు వల్ల అంతే వస్తుంది. పెడల్ మెల్లగా నొక్కితే త్రోటిల్ రీడింగ్ 0 నుంచి 100 శాతం దాకా ఎక్కడా ఎగరకుండా పెరగాలి.

సెల్ఫ్ తిరుగుతోంది, తెర మీద ఆర్‌పీఎం సున్నా

క్రాంక్ తిరగడాన్ని దాని పళ్ల చక్రం దగ్గర పసిగట్టే క్రాంక్ సెన్సర్ సిగ్నల్ ఈసీయూకి చేరడం లేదు. రెండు వైర్ల వీఆర్ సెన్సరైతే (పళ్లు దాటుతుంటే అయస్కాంతంతో తనే వోల్టేజ్ పుట్టించేది) దాని కనెక్టర్ విప్పి, మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి సెల్ఫ్ కొట్టండి. ఏమీ రాకపోతే సెన్సర్ మొనకూ చక్రం పళ్లకూ మధ్య సందు చూడండి, 1 మి.మీ. అటూఇటూ ఉండాలి. వోల్టేజ్ వస్తున్నా ఆర్‌పీఎం లేకపోతే, మెగాస్క్వర్ట్ వీ3 సర్క్యూట్ బోర్డు మీది ఆర్52, ఆర్56 పాట్‌లను (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సర్దే రెసిస్టర్లను) రెండింటినీ అపసవ్యంగా 12 చుట్లు తిప్పి అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

మూడు వైర్ల హాల్ సెన్సర్ కథ వేరు. చాలా హాల్ సెన్సర్లు సిగ్నల్ వైరును ఎర్త్‌కు లాగగలవు తప్ప పైకి ఎత్తలేవు. సిగ్నల్ వైరును 5 వోల్టులకు కలిపే 1 కిలోఓమ్ పుల్-అప్ రెసిస్టర్ లేకపోతే సెన్సర్ కొత్తదైనా సిగ్నల్ రాదు. సెన్సర్ మార్చేముందు ఇది చూడండి.

స్టార్ట్ అవుతుంది, కానీ సింక్ పోతోంది, టైమింగ్ జారుతోంది

సింక్ పోవడమంటే క్రాంక్ ఏ కోణంలో ఉందో ఈసీయూ లెక్క తప్పడం. ఎక్కువసార్లు దొరికే కారణం వీఆర్ సెన్సర్ వైర్లు తారుమారు కావడం. పన్ను దాటేటప్పుడు వచ్చే తరంగం ఒకవైపు నిటారుగా సున్నాను దాటుతుంది. ఈసీయూ పట్టుకోవాల్సింది ఆ చోటునే. వైర్లు తిరగబడితే ఏటవాలు వైపును పట్టుకుంటుంది, చక్రం మీద గుర్తుగా వదిలిన పన్ను లేని ఖాళీ దగ్గర లెక్క తప్పుతుంది. రెండు వైర్లూ అటుదిటు మార్చండి.

తర్వాత సాఫ్ట్‌వేర్‌లో టైమింగ్‌ను 10 డిగ్రీలకు స్థిరంగా పెట్టి, టైమింగ్ లైట్‌తో పుల్లీ మీది గుర్తు చూడండి. ఐడిలింగ్‌లోనూ 3000 ఆర్‌పీఎంలోనూ గుర్తు ఒకేచోట నిలవాలి. నిలిచినా 10 దగ్గర లేకపోతే సాఫ్ట్‌వేర్‌లోని ట్రిగ్గర్ కోణం (చక్రం గుర్తుకూ ఇంజిన్ అసలు స్థానానికీ మధ్య కోణం) సరిచేస్తే చాలు. రెండు చోట్లా తేడాగా ఉంటే వైరింగ్‌కే తిరిగి వెళ్లండి.

ఎక్కువ ఆర్‌పీఎంలో మాత్రమే మిస్సింగ్ ఉంటే, అది ఇగ్నిషన్ నాయిస్ (స్పార్క్ వల్ల సెన్సర్ సిగ్నల్‌లో కలిసే విద్యుత్ అలజడి) కావచ్చు. రెసిస్టర్ ఉన్న ప్లగ్‌లే వాడండి. క్రాంక్ సెన్సర్‌కు షీల్డ్ కేబుల్ వేసి, షీల్డ్‌ను ఈసీయూ వైపు మాత్రమే ఎర్త్ చేయండి.

బ్లాక్ స్మోక్, నల్లబడిన ప్లగ్‌లు, కూలెంట్ రీడింగ్ మైనస్ 40

సెన్సర్ సర్క్యూట్ తెగింది. ఇంజిన్ గడ్డకట్టే చలిలో ఉందనుకుని ఈసీయూ పెట్రోల్ ఎక్కువగా పోస్తోంది. కనెక్టర్ విప్పి వైరింగ్ వైపున్న రెండు పిన్నులనూ చిన్న వైరుతో కలపండి. రీడింగ్ అతి వేడికి ఎగబాకితే వైరింగ్, ఈసీయూ బాగున్నట్టే, సెన్సర్ మార్చండి. జీఎం (జనరల్ మోటార్స్) రకం సెన్సర్ 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 2240 ఓమ్‌లు, 99 దగ్గర 177 చూపాలి.

పెడల్ నొక్కగానే ఈసీయూ రీసెట్

ట్యూనర్‌స్టూడియో రికార్డు చేసిన లాగ్‌లో సెకన్ల లెక్క మళ్లీ సున్నాకు వస్తే అది రీసెట్టే. త్రోటిల్ సెన్సర్‌లో 5 వోల్టు, సిగ్నల్ వైర్లు మారిపోతే పెడల్ ఒక చివర 5 వోల్టు లైను నేరుగా ఎర్త్‌కు తగులుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడే రీసెట్ అవుతుంటే బ్యాటరీ, ఎర్త్ చూడండి.

వైడ్‌బ్యాండ్ గేజ్ ఒకటి, తెర ఇంకొకటి చూపుతున్నాయి

వైడ్‌బ్యాండ్ అంటే ఎగ్జాస్ట్‌ను బట్టి గాలి-పెట్రోల్ నిష్పత్తిని కొలిచే సెన్సర్, దాని కంట్రోలర్ ఆ నిష్పత్తిని వోల్టేజ్‌గా ఈసీయూకి పంపుతుంది. 0 వోల్టుకు 7.35, 5 వోల్టులకు 22.39 నిష్పత్తి ఇచ్చే కంట్రోలర్‌లో 0.1 వోల్టు తేడా అంటే నిష్పత్తిలో 0.3 తేడా. అది ఎర్త్‌ల మధ్య తేడా వల్ల వస్తుంది. ఈసీయూ పవర్ ఎర్త్ వైర్లన్నీ ఇంజిన్ బ్లాక్ మీద ఒకే బోల్టుకు బిగించి, కంట్రోలర్ ఎర్త్‌నూ అక్కడికే తెండి. త్రోటిల్, ఉష్ణోగ్రత సెన్సర్ల ఎర్త్‌లు మాత్రం బ్లాక్‌కు కాకుండా ఈసీయూ సెన్సర్ ఎర్త్ పిన్నుకే చేరాలి.