ఆరిపోయే వెలుగులో కుదుపు: నా అనుభవం

సముద్రపు అలల్లో నీలంగా మెరిసే నాక్టిల్యూకా అనే ఏకకణ జీవిని అనుకరిస్తూ ఎల్ఈడీలతో ఒక కాంతి శిల్పాన్ని రూపొందించినప్పుడు, వెలుగు ఆరిపోయే ముందు సాఫీగా తగ్గకుండా మెట్లు దిగినట్లు కుదుపులతో తగ్గడం పెద్ద సమస్యగా మారింది. ఆ జీవి మెరుపు సుమారు 0.1 సెకను మాత్రమే ఉంటుంది కాబట్టి ప్రకృతిలో ఈ చిక్కు లేదు. చూపరుల కోసం దాన్ని కొన్ని సెకన్లకు సాగదీయడం వల్లే లోపం బయటపడింది.

కారణం ఎల్ఈడీల వెలుగును 8 బిట్ల సంఖ్యతో నియంత్రించడం. అందులో ఉండేవి 256 స్థాయిలే. మసక వెలుతురులోని స్వల్ప మార్పును సైతం కన్ను పసిగడుతుంది గనుక, 2వ స్థాయి నుంచి 1వ స్థాయికి దిగినప్పుడు కాంతి ఒక్కసారిగా సగమవడం స్పష్టంగా తెలుస్తుంది. మొదట 2.2 ఘాతంతో గామా దిద్దుబాటు (వెలుగు మార్పు కంటికి సమానంగా తోచేలా స్థాయిలను సవరించే లెక్క) చేయగా మధ్య స్థాయిలు చక్కబడ్డాయి గానీ, అడుగు స్థాయిలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కుదుపు మరింత పెరిగింది. అదే లెక్కను 65,536 స్థాయిలున్న, ఎల్ఈడీలకు విద్యుత్తును నియంత్రించి అందించే 16 బిట్ల డ్రైవర్‌పై అమలు చేశాక వెలుగు సాఫీగా తగ్గింది.

ఎల్ఈడీలు విడివిడి చుక్కలుగా కనిపించకుండా, ముందున్న పాలరంగు అక్రిలిక్ పలకను కాస్త దూరం జరిపాను. పలక మందం కంటే ఈ దూరమే ముఖ్యమని నా అభిప్రాయం.