స్ప్రింగ్ ఇంటిగ్రేషన్ నేర్చుకుందాం - 4: దారి చూపే రౌటర్

స్ప్రింగ్ ఇంటిగ్రేషన్ అంటే జావా ప్రోగ్రామ్ భాగాల మధ్య మెసేజ్‌లు నడిపే ఫ్రేమ్‌వర్క్, ఆ మెసేజ్‌లు పోయే దారే ఛానెల్. డైరెక్ట్ ఛానెల్‌లో పని అంతా పంపినవాడి థ్రెడ్ మీదే జరుగుతుందని పోయిన పాఠంలో చూశాం. ఆ సంగతి మరిచిపోకండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఈసారి, వచ్చిన ఆర్డర్‌ను "నగరం" అనే హెడర్ (మెసేజ్‌కు అంటించిన చీటీ లాంటిది) చూసి బెంగళూరు ఛానెల్‌కో చెన్నై ఛానెల్‌కో పంపాలి. హెడర్ వాల్యూ రౌటర్ చాలు. బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో బస్సు ఎక్కేముందు బోర్డు చూస్తాం గానీ లోపల ఎవరున్నారో చూడం కదా, ఇదీ అంతే, పేలోడ్ (మెసేజ్ లోపలి అసలు సరుకు) జోలికి పోదు. పేలోడ్ ఏ క్లాసో చూసి పంపాలంటే పేలోడ్ టైప్ రౌటర్, ఒకే మెసేజ్ నలుగురికీ వెళ్లాలంటే రెసిపియంట్ లిస్ట్ రౌటర్ ఉన్నాయి. వాటి సంగతి తర్వాత.

"బీఎల్ఆర్" వస్తే బెంగళూరు, "ఎంఏఏ" వస్తే చెన్నై అని మ్యాపింగ్ ఇవ్వండి. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. మరి "హెచ్‌వైడీ" వస్తే?

మ్యాపింగ్‌లో దొరకని విలువనే రౌటర్ ఛానెల్ పేరనుకుని వెతుకుతుంది. ఆ పేరుతో ఛానెల్ లేకపోతే ఎక్సెప్షన్. ఏ దారీ కుదరనప్పుడు పనికొస్తుందని డిఫాల్ట్ అవుట్‌పుట్ ఛానెల్ పెట్టాం, అటు పోతుందిలే అనుకుంటాం. స్ప్రింగ్ ఇంటిగ్రేషన్ 6.0కు ముందు వెర్షన్లలో పోదు! రిజల్యూషన్ రిక్వైర్డ్ (ఛానెల్ దొరికి తీరాలనే సెట్టింగ్) మామూలుగా ట్రూ, దాన్ని ఫాల్స్ చేస్తేనే అటు దారి. 6.0 నుంచి డిఫాల్ట్ పెట్టగానే ఛానెల్ కీ ఫాల్‌బ్యాక్ అనే ఆ వెతుకులాట ఆగిపోయి, మెసేజ్ నేరుగా డిఫాల్ట్‌కే పోతుంది.

నాకిది తెలిసింది మారతహళ్లి పీజీలో, రాత్రి 2 గంటలకు. మా ప్రాజెక్టు అప్పటికింకా 5లోనే ఉంది. ఎవరో పంపిన "బీఎల్ఆర్" చివర ఒక స్పేస్ ఉంది, అందుకే మ్యాపింగ్‌లో దొరకలేదు. డైరెక్ట్ ఛానెల్ కాబట్టి ఎక్సెప్షన్ నేరుగా పంపినవాడికే తగిలింది, ఆ సిస్టమ్ అదే ఆర్డర్‌ను మళ్లీ మళ్లీ పంపుతోంది. "లైట్ ఆర్పరా బాబూ" అని పక్క మంచం మీద గుంటూరు మిత్రుడి గోల. టెన్షన్‌లో ఆ స్పేస్ కంటికి కనబడితేగా!

అలాగని నల్ ఛానెల్‌ను డిఫాల్ట్‌గా పెట్టకండి. మెసేజ్ చప్పుడు లేకుండా మాయమవుతుంది. ఎక్సెప్షనే నయం. డిఫాల్ట్‌కు ఒక క్యూ ఛానెల్ (ఎవరైనా తీసుకునేదాకా మెసేజ్‌లను దాచుకునేది) పెట్టి, అందులో పడినవి రోజూ చూడండి.

అభ్యాసం: మూడు మెసేజ్‌లు పంపండి. ఒకటి సరైన కోడ్‌తో, రెండోది చివర స్పేస్‌తో, మూడోది అసలు హెడర్ లేకుండా. డిఫాల్ట్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి. ఏది ఎటు పోయిందో కాగితం మీద రాసుకోండి, 5వ పాఠం అక్కడి నుంచే మొదలు.