కౌన్సిల్ ఆఫీసర్ వచ్చేసరికి షాపులో ఏవేవి సిద్ధంగా ఉండాలి

లండన్ ఈస్ట్ హామ్‌లో మాకు కిరాణా షాపుంది. కొత్తగా ఇండియన్ స్టోర్ పెట్టే మనవాళ్లందరికీ ఒకటే టెన్షన్: ఇన్‌స్పెక్షన్‌కి ఎప్పుడొస్తారు? సాధారణంగా ముందు చెప్పరండి. షాపు తెరిచి ఉండగా కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ లాంటిది) నుంచి, ఆహార శుభ్రత చూసే ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ ఆఫీసర్ ఎప్పుడైనా రావచ్చు.

తెరవడానికి కనీసం 28 రోజుల ముందే కౌన్సిల్‌లో ఫుడ్ బిజినెస్‌గా రిజిస్టర్ చేసుకోండి. డబ్బేమీ కట్టక్కర్లేదు. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లకీ ఇదే రూలు.

నేను అన్నిటికన్నా భద్రంగా చూసుకునేది బిల్లుల ఫైలు. కారం ప్యాకెట్ చూపించి "ఇది ఎవరి దగ్గర కొన్నారు?" అంటే, ఆ హోల్‌సేలర్ ఇన్‌వాయిస్ వెంటనే తీసివ్వగలగాలి. 2005లో, తిండిలో వాడకూడని సూడాన్ 1 అనే రంగు కలిసిన కారం ఒక సాస్‌లో పడి, ఈ దేశంలో 400కు పైగా రకాల సరుకుల్ని అరల్లోంచి తీసేయాల్సి వచ్చింది. ఏది ఎక్కడికి వెళ్లిందో పట్టుకోవడానికి దారి ఈ బిల్లులే. అందుకే, బిల్లు లేకుండా వ్యాన్‌లో చవగ్గా తెచ్చిస్తామంటే ఒక్క ప్యాకెట్ కూడా తీసుకోను. ఊరి నుంచి సూట్‌కేసులో నెయ్యి, పాలకోవా మన ఇంటికోసం తెచ్చుకోవడానికే వీల్లేదు, ఇక అమ్మడమా!

లేబుల్ ఇంగ్లీషులో ఉండాలి. దిగుమతి చేసుకున్న ఇక్కడి సంస్థ పేరు, అడ్రసు ఉన్నాయేమో చూడండి. 14 అలర్జీ పదార్థాల్లో ఏదున్నా కొట్టొచ్చినట్టు కనపడాలి. మన పొడుల్లో, పచ్చళ్లలో నువ్వులో ఆవాలో వేరుశనగలో లేనివి ఎన్నుంటాయి? 2016లో, నువ్వులున్నాయని రాయని శాండ్‌విచ్ తిని నటాషా అనే 15 ఏళ్ల అమ్మాయి ప్రాణం పోయింది. ఆ పాప పేరుమీదే 2021 అక్టోబరు నుంచి కొత్త రూలు వచ్చింది: షాపులోనే ప్యాక్ చేసి అమ్మేవాటి మీద కూడా అందులో ఏమేం వేశారో మొత్తం రాయాలి. మిక్చర్ కవర్లో పోసి కట్టినా సరే, లేబుల్ అతికించాల్సిందే.

ఫ్రిజ్ 8 డిగ్రీలు దాటకూడదు. మేం 5 లోపే ఉంచి, రోజూ రాసిపెడతాం. 'యూజ్ బై' తేదీ దాటింది అమ్మితే నేరం.

షాపులో పనిచేసేవాళ్ల భద్రత చూసేది కూడా కౌన్సిలే, 1974 నాటి హెల్త్ అండ్ సేఫ్టీ ఎట్ వర్క్ చట్టం ప్రకారం. 20 కిలోల బియ్యం బస్తాలు పై అరల్లో పెట్టకండి. పార్ట్‌టైమ్‌కి వచ్చే స్టూడెంట్ పిల్లలు "పర్లేదక్కా" అంటూ ఒక్కళ్లే ఎత్తబోతారు. ఎత్తనివ్వద్దు, ట్రాలీ కొనండి.

శుభ్రతకి 0 నుంచి 5 వరకు రేటింగ్ ఇస్తారు. అన్యాయంగా తగ్గించారనిపిస్తే శని, ఆదివారాలు కలిపి 21 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. లోపాలు సరిచేసుకుని మళ్లీ వచ్చి చూడమని కూడా అడగొచ్చు.